ముంపు మేడం

ఆ రోజుల్లో అని మొదలుపెట్టగానే మీరు ఎడ్లబండ్లనూ కిరసనాయిలు దీపాలనూ ఊహించుకుంటారేమో, అంత వెనక్కి వెళ్లకండి. నేను చెప్పేది అందరి చేతుల్లోనూ ఫోన్లున్న రోజుల సంగతే. కాకపోతే మా ఊళ్లో ఆ ఫోన్లకు సిగ్నల్ ఒక్కచోటే దొరికేది, నాకు ధైర్యం ఆ ఒక్కచోట కూడా దొరికేది కాదు. వయసుతో పాటు భయం తగ్గుతుందంటారు గానీ నాకు తెలిసినంతలో అది తగ్గదు, ఇల్లు మారుతుంది. నా భయం చిన్నప్పుడు పెరటి చీకట్లో ఉండేది, ఉద్యోగం వచ్చాక ఫోన్‌లో రంగుల పటంలోకి వచ్చి కూర్చుంది. ఆ పటాన్ని నమ్ముకుని ఒక ఊరు ఊరంతటినీ ట్రాక్టరెక్కించి పొంగుతున్న వాగు దాకా తీసుకుపోయిన ఘనత నాది. నవ్వుకోండి. నేనూ నవ్వుతూనే రాస్తున్నాను. వాగు దగ్గరికి వచ్చేసరికి మాత్రం నా నవ్వు కొంచెం తగ్గితే ఏమీ అనుకోకండి.

మాది నేలకొండపల్లి దగ్గర పల్లె, చదువంతా ఖమ్మంలో. ఇంట్లో అందరికంటే చిన్నదాన్ని కావడంతో బావి దగ్గరికీ, కుక్కలున్న సందులోకీ ఎక్కడికీ నన్ను ఒంటరిగా పంపలేదు. అలాంటి నాకు పంచాయతీ కార్యదర్శి ఉద్యోగం వచ్చి, భద్రాచలం దాటాక పర్ణశాల పోయే రోడ్డు వదిలి, అడవిలోకి మళ్లే దారి చివర వేశారు. ఆర్డరు చూసి అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. నాన్న మాత్రం రాములవారు తిరిగిన చోటే కదా, నీకేం భయం అన్నాడు. (రాములవారు అక్కడ కాపురమున్న రోజుల్లోనే కదా సీతమ్మను ఎత్తుకుపోయారు అని నాకు నోటిదాకా వచ్చింది గానీ, నాన్న ముఖం చూసి మింగేశాను.)

ఆ వైపు అడవి అంచున ఉండే చిన్న ఊళ్లను గుంపులంటారు. కొన్ని ఇళ్లు ఒకచోట పడితే అదొక గుంపు, దానికో పేరు. నేను కిరాయికి దిగింది అలాంటి గుంపులో ఒక అవ్వ ఇంట్లో, ముందు గది నాది, వెనక గది ఆమెది. ఆమె తమ్ముడే ఆ గుంపుకు పెద్ద, అందరూ పటేల్ తాత అనేవారు. వాళ్లలో వాళ్లు కోయ భాషలో మాట్లాడుకునేవారు, నాతో తెలుగు మాట్లాడేవారు. కోయలో ఏం మాట్లాడుకున్నా అది నా గురించేనని మొదటి కొన్నాళ్లు నాకు గట్టి నమ్మకం. ఒకసారి ధైర్యం చేసి అడిగితే, మేక తప్పిపోయిందని మాట్లాడుకుంటున్నామని చెప్పారు. అయినా ఆ మేక నేనేమోనన్న అనుమానం నన్ను చాలాకాలం వదల్లేదు.

ఇక పటాల సంగతి. మేం చేరిన కొన్నాళ్లకే మండలాఫీసులో కార్యదర్శులందరినీ కూర్చోబెట్టి కొత్త పద్ధతి చూపించారు. అంతకు ముందు లెక్కలంటే వెడల్పాటి కాగితాల మీద అంకెల బారులు, చూస్తేనే నిద్ర వచ్చేది. ఇప్పుడు మండలమంతా ముక్కలు ముక్కలుగా ఫోన్‌లోకి వచ్చేసింది. ఏ ఊరి మీద వేలు పెడితే ఆ ఊరు ముదురు రంగుకు తిరుగుతుంది, పక్కన చిన్న పెట్టె తెరుచుకుని ఆ ఊరి లెక్క చెబుతుంది. కింద ఒక గీత, గీత మీద గుండ్రటి బిళ్ల. ఆ బిళ్లను వేలితో పక్కకు జరిపితే ఏళ్లు మారతాయి, ఏళ్లతో పాటు రంగులూ మారతాయి. పైన మూలన మూడు అడ్డగీతల గుర్తు నొక్కితే జాబితా జారి వస్తుంది, అందులో మనకు కావలసిన విషయం ఎంచుకోవచ్చు. నేర్పిన మండలం సారు మహా ఉత్సాహవంతుడు. పటం మీద వేలు పెడితే ఊరే మీతో మాట్లాడుతుందమ్మా అన్నాడు. నాకు అప్పటికే మనుషులు మాట్లాడితేనే భయం.

కానీ అబద్ధం ఎందుకు, ఆ పటాలంటే నాకు పిచ్చి పట్టింది. ఒక్కతినే ఉండేదాన్ని, సినిమా చూద్దామంటే సిగ్నల్ చాలదు, పటం మాత్రం ఒకసారి తెరుచుకుంటే ఉండిపోయేది. రోజూ సాయంత్రం జాబితాలో కొత్త విషయం తీసి, కొత్త భయం నేర్చుకునేదాన్ని. పాముకాట్ల పటంలో మా పంచాయతీ ఎర్రగా కనబడ్డ నాటి నుంచి టార్చి వేసి నేల చూడందే మంచం దిగలేదు. పిడుగుల పటం చూశాక మబ్బు పట్టగానే ఫ్యాను ఆపేసి ఉక్కలో కూర్చునేదాన్ని. జ్వరాల పటం చూసి ఒళ్లంతా వేపనూనె పూసుకుంటే అవ్వ కోళ్లు కూడా నాకు దూరంగా మసిలేవి. అమ్మ ఫోన్ చేసినప్పుడు ఈ రంగులన్నీ వర్ణించి చెప్పి, ఆమెకూ నిద్ర లేకుండా చేసేదాన్ని. నల్లా నీళ్ల పటంలో మాత్రం, ట్యాంకు కట్టి కుళాయిలు పెట్టని మా గుంపు తెల్లగా పాలిపోయి ఉండేది. ముదురుగా ఉండాల్సిన చోట తెల్లగా, తెల్లగా ఉండాల్సిన చోట ముదురుగా ఉండటం మా గుంపుకు అలవాటు.

ఆ ఏడు ఆషాఢంలోనే ముసురు పట్టింది. పగలు రాత్రి తేడా లేకుండా వాన. భద్రాచలం దగ్గర గోదావరి పెరుగుతోందని, మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారని రోజూ వార్తలు. ఆ కాలంలో ఆ ప్రాంతమంతా ఒక్క మాట తిరుగుతూ ఉంటుంది, ముంపు. మీ వైపు ముంపు అంటే నీళ్లు ఇంట్లోకి రావడం అని మాత్రమే అర్థం కావచ్చు. అక్కడ అలా కాదు. ఎక్కడో దిగువన ఆనకట్ట కడతారు, ఇక్కడ ఒక ఊరిని ముంపు ఊరు అంటారు. చుక్క నీరు రాకముందే, ఆఫీసు కాగితంలో ఆ పేరు పడిన రోజే ఆ ఊరి పని అయిపోయినట్టు. అవ్వా, పటేల్ తాతా పుట్టిన ఊరు ఒకప్పుడు ఏటి ఒడ్డున ఉండేది. అలాగే ఒక కాగితం వచ్చాక దాన్ని వదిలేసి, మెరకకు వచ్చి ఈ గుంపు కట్టుకున్నారు. ఆ ఊరి పేరు అవ్వ ఎప్పుడూ పలికేది కాదు, పాత ఊరు అనేది అంతే.

ముసురు వదలని ఒక ఉదయం, గొడుగు పట్టుకుని నీళ్ల ట్యాంకు కింద నిలబడ్డాను. మా గుంపులో సిగ్నల్ దొరికే చోటు అదొక్కటే. ఫోన్ ఒక్కసారిగా గణగణమంది. మా కార్యదర్శుల వాట్సాప్ గ్రూపులో మండలం సారు పెట్టిన సందేశం. "కొత్త పటం పెట్టాం. మీ ఊరు అందులో ఉందో లేదో వెంటనే చూసుకోండి. ఒక్క ఇల్లు కూడా వదిలిపోకూడదు. రేపటికల్లా పూర్తి కావాలి." కింద ఇచ్చిన లింకు నొక్కాను. పటం మెల్లగా పైనుంచి కిందికి తెరుచుకుంది, మొత్తం నీలం రంగు. నేను ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసి పెట్టుకుంటాను, అందువల్ల పైన పేరు మొత్తం పట్టలేదు. మొదటి అక్షరం కనబడకుండా "ంపు గ్రామాలు" అని మాత్రం ఉంది. గోదావరి పొంగుతున్న రోజున, ట్యాంకు కింద తడుస్తూ నిలబడ్డ మనిషికి ఆ మొదటి అక్షరం ఏమిటో ఎవరైనా చెప్పాలా? ముంపు గ్రామాలు.

మా గుంపు మీద వేలు పెట్టాను. అది ఒక్కసారిగా ముదురు నీలమైంది. పెట్టె తెరుచుకుంది, అందులో కుటుంబాలు అని రాసి ఎదురుగా అంకె. చూస్తే మా గుంపులో ఉన్న ఇళ్లన్నీ అందులో ఉన్నాయి, ఒక్కటీ మిగల్లేదు. కింద మూలన రంగులకు అర్థం చెప్పేచోట "ముదురు – ఎక్కువ" అని మాత్రం కనబడుతోంది, ఏది ఎక్కువో కనబడలేదు. నల్లా నీళ్ల పటంలో చుక్కకు నోచుకోని ఊరు ఈ పటంలో నిలువునా మునిగిపోయింది. సారుకు ఫోన్ చేశాను, కలవలేదు. మళ్లీ చేశాను, కలవలేదు. అప్పుడు ఏం చేయాలి? ఇంకొకరైతే స్థిమితంగా ఆలోచించేవారేమో. భయాన్ని ఒక్కదాన్నే దాచుకునే అలవాటు నాకు లేదు, ఎవరికో ఒకరికి పంచిపెట్టాలి. పరుగెత్తుకెళ్లి అవ్వకు చెప్పాను.

అవ్వ పొయ్యి దగ్గర కూర్చుని గొట్టంతో ఊదుతోంది. "ఏమైంది బిడ్డా, మొఖం గట్ల పెట్టినవేంది?" అంది. మన గుంపు ముంపులో పడిందవ్వా అన్నాను. ఆమె ఊదడం ఆపింది. అరవలేదు, ఎవరన్నారని అడగలేదు. గొట్టం పక్కన పెట్టి, "కాగితం వచ్చిందా?" అంది. ఫోన్‌లో వచ్చిందన్నాను. ఆమె లేచి బయటికి వెళ్లింది. ఆమె నడకలో ఉన్న తొందర చూశాక నాకు భయం రెట్టింపైంది, ఎందుకంటే అంతవరకూ ఆమె కొట్టిపారేస్తుందనే చిన్న ఆశ ఉండేది.

చూస్తుండగా గుంపంతా ట్యాంకు కిందికి చేరింది. తలల మీద ఎరువుల సంచులు కప్పుకుని, నా ఫోన్ చుట్టూ వలయంగా నిలబడ్డారు. పక్క గుంపు వాళ్లు కూడా కబురు తెలిసి వచ్చారు. నేను మా గుంపు మీద వేలు పెట్టి చూపించాను, అది నీలంగా ముదిరింది, అందరూ ఒక్కసారి ఊపిరి బిగబట్టారు. పక్క గుంపాయన మరి మాది చూడమంటూ తన వేలు పెట్టాడు. వాళ్లది ముదిరింది, మాది మళ్లీ లేత రంగుకు వచ్చింది. మావాళ్లకు ప్రాణం లేచొచ్చినట్టయింది. ఆయన గాభరాపడి వేలు తీసి మళ్లీ మా దాని మీద పెట్టబోతే, మా వాళ్లలో ఒకావిడ ఆయన చెయ్యి పట్టుకుంది. మా ఊరిని ముట్టుకోవద్దంది. మీది ముట్టుకోకపోతే మాది మునగాలా అని ఆయన. కాసేపు ఆ ట్యాంకు కింద ఎవరి వేలు ఎక్కడ ఉండాలనే దాని మీద పెద్ద పంచాయతీ నడిచింది. ముట్టుకున్న ఊరు ముదరడం పటానికి ఉన్న గుణమని చెప్పాల్సినదాన్ని నేను. చెప్పలేదు సరికదా, నా వేలిని కొంగులో చుట్టి దాచుకున్నాను.

పటేల్ తాత మాత్రం నెమ్మదిగా ఏటి వైపు చూశాడు. గోదారి ఈడిదాక ఎన్నడూ రాలేదన్నాడు. నాకు కొంచెం ధైర్యం వచ్చింది. అంతలోనే ఆయన పటం కింద ఉన్న బిళ్లను చూసి అదేందని అడిగాడు. ఏళ్లు తాతా, జరిపితే పాత ఏళ్లు కనబడతాయన్నాను. జరపమన్నాడు. మొదటి ఏడుకు లాగాను, మా గుంపు దాదాపు తెల్లగా ఉంది. అక్కడి నుంచి ముందుకు జరుపుతూ వచ్చాను. లేత నీలం, ఇంకాస్త నీలం, ముదురు నీలం. ఏడాది ఏడాదికీ నీళ్లు మెట్టు మెట్టు ఎక్కి మా మీదికి వస్తున్నట్టే ఉంది. నా కళ్లతో నేను చూశాను కాబట్టి మీకు చెబుతున్నాను, అంత భయంకరమైన బొమ్మ మళ్లీ ఎప్పుడూ చూడలేదు. తాత ఇక ఏటి వైపు చూడలేదు.

"కండ్లకు కనవడేది వేరు బిడ్డా, ఆఫీసుల రాసేది వేరు," అన్నాడు. "పాత ఊరికి గూడ నీళ్లు రాలె. పేరే ముందుగాల వచ్చింది."

వాగు అవతల రోడ్డు మీద బడి ఉంది, వరదలొస్తే అందరినీ అక్కడే ఉంచుతారు. వాన ఇంకా పెరిగితే వాగు దాటలేం, పోతే ఇప్పుడే పోవాలి. అలా తేల్చేశారు. ట్రాక్టరు కోసం వాగుకు ఇవతలే మిరప తోటలున్న, నేను బాబాయి అని పిలిచే రైతుకు కబురు పెట్టారు. ఆయన తండ్రి కాలంలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాడు, నన్ను సొంత కూతురిలా చూసేవాడు. ఎవరైనా ఇదేం పిచ్చి అని అడ్డుపడతారంటే ఆయనేనని ఎదురుచూశాను. ఆయన పటం చూసి, తల పంకించి, "ఆఫీసోళ్లు ఊరికే రంగులెయ్యరు కదమ్మాయ్. పదండి, ఆలస్యం చెయ్యకూడదు," అన్నాడు. ఆయనా నమ్మాక ఇక నేను నమ్మకుండా ఎలా ఉంటాను? (నేను చెబితే ఆయన నమ్మాడన్నది నాకు అప్పుడు తట్టలేదు.)

సర్దుకోవడం మొదలైంది. నాట్లు వేసి పట్టుమని పది రోజులు కాలేదు, ఆ మళ్ల వైపు ఒకసారి చూసి ముఖం తిప్పుకున్నవాళ్లున్నారు. బియ్యం, గిన్నెలు, కోళ్ల గంప, పసిపిల్లలు, అన్నీ పరదా కట్టిన ట్రాలీలోకి ఎక్కాయి. అవ్వ మాత్రం ఏమీ సర్దలేదు. కొడుకుని పిలిచి వాకిటి తలుపు ఊడదీయమంది. తలుపెందుకవ్వా, ముందు నువ్వెక్కు అన్నాను. "పాత ఊర్ల తలుపు ఇడిసిపెట్టి వచ్చిన. మల్ల పోయి చూస్తే ఎవరో పట్టుకపోయిండ్రు. తలుపు లేని ఇల్లును సూడలేకపోయిన బిడ్డా," అంది. ఊడదీసిన తలుపును ట్రాలీలో అడుగున పరిచి, దాని మీద కూర్చుంది. అందరికంటే ముందు ఎక్కించింది మాత్రం నన్నే. నాకు ప్లాస్టిక్ కుర్చీ వేశారు, ఎవరో తమ గొంగడి తెచ్చి కప్పారు. బయటి నుంచి వచ్చిన పిల్ల, భయపడుతుంది అని వాళ్ల బాధ. వాళ్ల ఇళ్లు పోతున్నాయన్న వార్త తెచ్చినదాన్ని నేను, ఓదార్పు కూడా నాకే.

వాగు మీద వంతెన లేదు, నేలకు ఆనించి కట్టిన చప్టా ఉంది. మామూలు రోజుల్లో సైకిళ్లు పోతాయి. ఆ రోజు చప్టా కనబడలేదు. దాని మీదుగా ఎర్రటి నీళ్లు మోపులు మోపులుగా కట్టెలను తోసుకుంటూ పోతున్నాయి. అంచున పాతిన రాళ్లు ఎక్కడున్నాయో గుర్తు పట్టడానికి పటేల్ తాత కర్ర పట్టుకుని దిగాడు. నీళ్లు ఆయన మోకాళ్లు దాటాయి. వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు, పోవచ్చన్నట్టా వద్దన్నట్టా నాకు అర్థం కాలేదు. బాబాయి ఇంజను రేజ్ చేశాడు. దాటితే ఇప్పుడే దాటాలి, గంట ఆగితే దాటలేమన్నాడు. ట్రాలీలో పిల్లలు ఏడుపందుకున్నారు. ఒక తల్లి బిడ్డను చీరకొంగుతో నడుముకు కట్టేసుకుంది. ఆ ముడి వేస్తున్న చేతులను చూసినప్పుడు నాకు కలిగింది భయం కాదు, దానికి నాకు పేరు తెలియదు.

చేతిలో ఏదో ఒకటి పట్టుకోకపోతే పడిపోతానని, పాలిథిన్ కవర్లో చుట్టిన ఫోన్‌నే గట్టిగా పట్టుకున్నాను. పటం ఇంకా తెరిచే ఉంది. ముందు చక్రం నీళ్లలోకి దిగడంతో ట్రాలీ ఊగింది, నా బొటనవేలు జారి పైమూలన మూడు గీతల మీద పడింది. జాబితా జారుకుంటూ వచ్చింది, పటం దానితో పాటు పక్కకు జరిగింది. అంతవరకూ ఆ మూడు గీతల కింద దాగి ఉన్న అక్షరం బయటపడింది. గు. గుంపు గ్రామాలు. దాని కింద చిన్న అక్షరాల్లో, కుటుంబాల లెక్క.

ఆపండి అని ఎలా అరిచానో నాకే తెలియదు. అరిచానని మాత్రం బాబాయి బ్రేకు తొక్కడం వల్ల తెలిసింది. నిజం చెప్పాలన్న పట్టుదలతో అరిచానని మీరు మెచ్చుకోకండి, ముందున్న నీళ్లను చూసి అరిచాను. అందరూ నా వైపు తిరిగారు. గు, గు అంటున్నాను.

"గు ఏంది బిడ్డా?" అంది అవ్వ.

"గుంపు."

"అవ్, గుంపే. మన గుంపే."

"ముంపు కాదవ్వా. గుంపు అని రాసుంది."

ఇంజను ఆగింది. తాత నీళ్లలోంచి బయటికి వచ్చాడు, పంచె పిండుకున్నాడు. ఎవరో కోయలో ఏదో అన్నారు, ఇంకెవరో దానికి జవాబు చెప్పారు, తర్వాత చాలామంది ఒకేసారి మాట్లాడారు. ఈసారి తప్పిపోయిన మేక గురించి కాదని నాకు బాగా తెలుసు. పాములు, పిడుగులు, జ్వరాలు, గోదావరి, ఇన్నాళ్లూ నేను భయపడ్డవన్నీ ఆ నిమిషంలో చాలా మంచివిగా కనబడ్డాయి.

తాత ట్రాలీ అంచు పట్టుకుని పైకెక్కి ఫోన్ చూపించమన్నాడు. ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి చదివాను. పెట్టెలో ఉన్నది మునిగే కుటుంబాలు కావు, ఉన్న కుటుంబాలు. ముదురంటే ఎక్కువ ఇళ్లు. సారు ఒక్క ఇల్లు కూడా వదిలిపోకూడదన్నది ఎవరినీ వదిలేసి పోవద్దని కాదు, లెక్కలో వదిలేయొద్దని. చెప్పడం పూర్తయ్యేసరికి నా కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, వాన కాబట్టి బయటపడలేదు. అవ్వ తలుపు మీద నుంచి ముందుకు జరిగి, "గా బిళ్లను మల్ల ఎనక్కి గుంజు," అంది.

లాగాను. మా గుంపు తెల్లబడింది. అవ్వ ముఖం ఫోన్‌కు దగ్గరగా పెట్టింది. అప్పుడు తనదీ తమ్ముడిదీ రెండే ఇళ్లని, వచ్చిన కొత్తలో పొయ్యి కూడా ఇద్దరిదీ ఒక్కటేనని చెప్పింది. కొంచెం జరిపాను. ఇది పెద్దకొడుకు వేరుపడ్డ ఏడు అంది. ఇంకొంచెం జరిపాను. ఇది చిన్నోడి పెండ్లయిన ఏడు. నాకు ఆ పటంలో ఎక్కడా పెళ్లిళ్లు కనబడటం లేదు, నీలం రంగు ముదరడమే కనబడుతోంది. ఆమెకు మాత్రం ఒక్కొక్క ఇల్లూ కనబడుతోంది. చుట్టూ ఉన్నవాళ్లు కూడా మా ఇల్లెప్పుడు లెక్కలోకి వచ్చిందంటే మా ఇల్లెప్పుడు వచ్చిందని అడగడం మొదలుపెట్టారు. పిల్లలు ఏడుపు ఆపి తొంగి చూస్తున్నారు. ఈ మధ్యనే కొత్త ఇల్లు కట్టుకున్న ఒకతను అది వచ్చిందా లేదా అని నన్ను కంగారుగా అడిగాడు. వచ్చిందన్నాను. అతను వెనక్కి వాలి కూర్చున్నాడు.

"నీళ్లు గాదు బిడ్డా, గవి మా పొయ్యిలు," అంది అవ్వ. ఆమె మొదట నవ్వింది, ఆమె నవ్వాకే మిగతావాళ్లు నవ్వారు. బాబాయి స్టీరింగు మీద తల పెట్టుకుని నవ్వాడు. నేను ఏడుస్తూ నవ్వాను. పటేల్ తాత ఒక్కడే నవ్వలేదు. ఆయన వాగు వైపు చూస్తున్నాడు. మేం దాటబోయిన చోట, ఆయన నిలబడి వచ్చిన చోటే, ఒక పెద్ద మాను అడ్డం తిరిగి కొట్టుకుపోయింది.

"మేడం, గింతమందిమి ఉన్నమని ఆఫీసుల ఎరికేనా?" అన్నాడు.

ఎరికే తాతా, ఇందులో ఉంది కదా అన్నాను.

"ఎరికైతే మరి ఈడ బ్రిడ్జి ఎందుకు లేదు?"

ఆ ప్రశ్న ఆయన కోపంగా అడిగి ఉంటే బాగుండేది. నిజంగా తెలుసుకుందామన్నట్టు అడిగాడు, చదువుకున్న పిల్ల కదా చెబుతుందని.

ట్రాక్టరు వెనక్కి తిరిగింది. తలుపు మళ్లీ బిగించేసరికి సాయంత్రమైంది, తొందరలో తలకిందులుగా బిగించారు, గొళ్లెం నా మోకాలి దగ్గరికి వచ్చింది. గోదావరి తర్వాత కొన్నాళ్లకు దానంతటదే తగ్గింది, మా గుంపు దరిదాపులకు కూడా రాలేదు. మర్నాడు ట్యాంకు కింద నిలబడి సారుకు సందేశం పెట్టాను. లెక్క సరిచూశాం, ఒక్క ఇల్లు కూడా వదిలిపోలేదు, వాగు మీద బ్రిడ్జి లేదు అని రాశాను. సారు నుంచి వెంటనే జవాబు వచ్చింది. చాలా సంతోషం, బ్రిడ్జి సంగతి ఈ పటంలోకి రాదు, దానికి వేరే పటం ఉంటుంది అని. జాబితా మొత్తం వెతికాను, ఆ వేరే పటం నాకు కనబడలేదు. అప్పటి నుంచి ప్రతి నెలా బ్రిడ్జి గురించి ఒక కాగితం రాసి పంపేదాన్ని. పై అధికారుల దగ్గరికి వెళ్లాలంటే భయపడే పిల్లను, తాత ప్రశ్న గుర్తొచ్చి భయపడుతూనే వెళ్లేదాన్ని. అక్కడున్నన్నాళ్లూ చుట్టుపక్కల గుంపుల్లో నా పేరు ముంపు మేడం. సంతలో ఎవరైనా అలా పిలిస్తే మొదట్లో తల దించుకునేదాన్ని, తర్వాత్తర్వాత ఏందమ్మా అని పలకడం నేర్చుకున్నాను.

ఇప్పుడు ఖమ్మంలో ఉంటున్నాను. ఆఫీసులో కుర్చీ, ఫ్యాను, నిండా సిగ్నల్. అప్పటి ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. వేపనూనె వాసనతో, గొంగడి కప్పుకుని, ప్లాస్టిక్ కుర్చీలో గు గు అంటూ. కానీ ఆమెను వెక్కిరించబోతే నోరు రాదు. ఆమెకు తన ప్రాణం గురించి మాత్రమే భయం, అది చిన్న భయం. నాకు మిగిలింది పెద్దది. బ్రిడ్జి మంజూరై వాగులో పిల్లర్లు లేచాయి గానీ అక్కడితో ఆగిపోయాయి, చప్టా అలాగే ఉంది. కిటికీ బయట ముసురు పట్టిందంటే పనిలో మనసు నిలవదు. పటం తెరుస్తాను, మా గుంపు మీద వేలు పెడతాను, ఇంకాస్త ముదిరి ఉంటుంది. వాగులో నీళ్లెంత ఉన్నాయో మాత్రం అది చెప్పదు. ఇక ఉండలేక ఫోన్ చేస్తాను. ముసురు పడితే నా ఫోన్ వస్తుందని తెలిసి అవ్వ మనవడు ట్యాంకు కిందే ఉంటాడు, అవ్వ వచ్చేదాకా లైన్లో ఉండమంటాడు. అవ్వ వస్తుంది, వాన చప్పుడు మధ్య గట్టిగా అరిచి మాట్లాడుతుంది. చప్టా మీద నీళ్లున్నాయి గానీ తాము ఎటూ పోవడం లేదంటుంది. తిన్నావా అని అడుగుతుంది. మళ్లీ ఆ పటం ముందేసుకుని కూర్చున్నానని ఎలా తెలుస్తుందో తెలుస్తుంది.

"దాన్ని సూడకు బిడ్డా," అంటుంది, "భయమైతే నాకు ఫోన్ చెయ్యి."